మరిది కుంటలో ప్లాస్టిక్ టబ్బు

ఏప్రిల్ ఎండల్లో శ్రీకాకుళం ఎందుకు వెళ్ళావని అడిగినవాళ్ళందరికీ, మా మరిది కుంట కారుతోంది, చూడటానికి వెళ్ళానని చెప్పాను. తెనాలిలో ఒక్కరూ నమ్మలేదు. భర్త పోయి మూడు నెలలు కాలేదు, మనసు బాగోలేక ఏ తీర్థాలకో వెళ్ళి ఉంటుంది, పైకి చెప్పుకోలేక కుంట అంటోంది అనుకున్నారు. నిజంగా కుంట కోసమే వెళ్ళాను.

మా ఆయన గుంటూరు పాలిటెక్నిక్‌లో పిల్లల చేత మట్టి పరీక్షలు చేయించేవాడు. గట్టిగా తొక్కించిన బంకమట్టిలోంచి నీళ్ళు ఎంత నెమ్మదిగా దూరతాయన్నది ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. అలాంటి మనిషితో ముప్పై ఏళ్ళు కాపురం చేస్తే కొంత అంటుకుంటుంది. నేను హైస్కూల్లో లైబ్రేరియన్‌ని. నవలలు చదువుకుంటూ పక్కన కూర్చుంటే ఆయన మట్టి గురించి చెప్పేవాడు. సగం నవలలకన్నా అదే నయంగా ఉండేది.

ఆయన చెప్పినదాంట్లో ఇక్కడికి కావలసింది ఇంతే. బంకమట్టి నీళ్ళని ఆపదు, ఆలస్యం చేస్తుంది. వేడెక్కితే నీళ్ళు పల్చబడతాయి. చలికాలం ఆముదం సీసా వంచితే బొట్టు పడటానికి విసుగొస్తుంది, మే నెలలో చొక్కా మీద ఒలికాక గాని తెలియదు. నీళ్ళూ అంతే, మన కంటికి కనపడదు గాని. మట్టి అదే, అందులో సందులూ అవే. వేడి నీళ్ళు ఆ సందుల్లోంచి చురుగ్గా వెళ్ళిపోతాయి. అందుకే ల్యాబులో ఏ వేడిలో పరీక్ష చేసినా జవాబుని ఇరవై ఏడు డిగ్రీలకి మార్చి రాయాలని నియమం. శ్రీకాకుళం జిల్లాలో ఏప్రిల్ నెల ఆ నియమాన్ని పట్టించుకోదు.

మూడేళ్ళ కిందట తమ్ముడు అప్పల్నాయుడికి కూరగాయల తోట కోసం ఆయనే దగ్గరుండి కుంట కట్టించాడు. వరి పొలం అడుగు మట్టి తెప్పించి, ముద్ద చేస్తే లడ్డూలా నిలిచి చేతికి అంటకుండా ఉండేంత తడి చేయించి, పొరలు పొరలుగా పరిచి, మేకల మందని తోలించి తొక్కించాడు. చలికాలం కుంట బ్రహ్మాండంగా నిలిచింది. వేసవి వచ్చేసరికి దిగిపోవడం మొదలుపెట్టింది. "కుంట పాడవలేదురా, ఎండకి నీళ్ళు పల్చబడ్డాయి" అని ఆయన ఫోన్‌లో చెప్తే తమ్ముడు నవ్వాడు. "నీళ్ళు పల్సబడటం ఏటి అన్నియ్యా, పాలేటి?"

ఈ వేసవికి వెళ్ళి కొలిచి చూపిస్తానన్నాడు. మాఘమాసంలో పోయాడు. ఏప్రిల్‌లో మరిది ఫోన్ చేశాడు.

"వదినా, అన్నియ్య కుంట మరీ దిగిపోతన్నాది. గండి పడిందేమోనని బయ్యంగా ఉన్నాది. అదే అయితే తోట వొదిలీడమే. సెప్పలేదని అనుకోవద్దు."

ఆయన చెప్పింది నిజమో, కట్టింది కారితే చెప్పుకున్న సాకో నాకు తెలియాలి. బట్టలు సర్దుకున్నాను. ఆయన పొడుగు థర్మామీటరు దాని గొట్టంలో పెట్టి సంచిలో వేసుకున్నాను.

విజయనగరం

పొద్దున్నే దిగి స్టేషన్ ఎదురు సందులో ఒక కోమట్ల హోటల్లో ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీలు పాతిక రూపాయలు. సాంబారులో బెల్లం. చట్నీలో ఉందో లేదో గాని, నాలుక అప్పటికే నమ్మకం పోగొట్టుకుంది.

"ఏ ఊరమ్మా?" అన్నాడు గల్లా పెట్టె దగ్గరాయన.

"తెనాలి."

"అలాగని ముందే సెప్పాలి గదమ్మా." లేచి వచ్చి ఒక గరిటె కారప్పొడి నా ప్లేటులో వేశాడు. "మీకు నోరు మండకపోతే తిన్నట్టుండదు. మాకు మండితే తిన్నట్టుండదు."

ఇక్కడ కొత్తవాళ్ళతో కూడా ఇలాగే మాట్లాడతారు. మా వైపు 'అండీ' అని మొదలుపెట్టి అరగంట తర్వాత అసలు మాటకి వస్తారు. వీళ్ళు అసలు మాటతోనే మొదలుపెడతారు. ఇన్నాళ్ళుగా పరామర్శలు విన్న చెవులకి అది హాయిగా ఉంది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ "ఆయన ఎక్కడికీ పోలేదు, మీతోనే ఉన్నారు" అన్నారు. శ్మశానం వాళ్ళిచ్చిన రసీదు నా దగ్గర ఉంది.

రామతీర్థం

మరిది సాయంత్రానికి గాని శ్రీకాకుళం రాలేనన్నాడు. పగలు ఖాళీ. రామతీర్థం బస్సెక్కాను. ఒక భారీ మనిషి నా పక్క సీటులో కూర్చున్నాడు. కూర్చున్నది సీటు మీద కాదు, నా సంచి మీద. టప్పుమంది.

ఆయన కదలకుండా ఒక క్షణం ఆలోచించాడు. "ముందు నా ఎముకేమో అనుకున్నాను," అన్నాడు. "కాదు. మీదే ఏటో ఇరిగినట్టుంది, సూసుకోండి."

థర్మామీటరు మూడు ముక్కలయింది. పాదరసం గొట్టంలోనే పూసల్లా దొర్లుతోంది. ఆయన చాలాసేపు చూసి, "అందంగా ఉన్నాది గదా" అన్నాడు. నిజమే, అందంగానే ఉంది. కోపం తెచ్చుకునే అవకాశం పోయింది.

రామతీర్థంలో దిగగానే పూలమ్మే ఆవిడ పట్టుకుంది. ఏడాది తిరిగేదాకా గుడికి వెళ్ళకూడదని చెప్పాను. మా వైపు అయితే ఈ మాటకి నాలుక చప్పరించి తప్పుకుంటారు.

"అయితే ఆ కొండెక్కి బుద్ధుడికి పెట్టుకో," అంది ఆవిడ. "ఆయనేటి అనడు. ఇరవై రూపాయలియ్యి."

కొండ మీద పాత బౌద్ధుల ఇటుక గోడలు మోకాలెత్తున మిగిలి ఉన్నాయి. ఇటుకలు మన ఇటుకలకి పెదనాన్నల్లా ఉన్నాయి. బుద్ధుడు కనపడలేదు. పూలు ఒక గోడ మీద పెట్టాను. నేను చూస్తూండగానే ఒక మేక వచ్చి తిని, ఇంకా ఉన్నాయా అన్నట్టు నా సంచి వైపు చూసింది. పక్కన రాతిలో ఒక గుంట ఉంది, అడుగున కాసిని నీళ్ళు. చెయ్యి పెడితే పైన వేడి, లోపల చల్లన. ఈ సన్యాసులు తెలివైనవాళ్ళు, రాతిలో నీళ్ళు దాచుకున్నారు. బంకమట్టి జోలికి వెళ్ళలేదు. వాళ్ళ భార్యలు బస్సుల్లో థర్మామీటర్లు మోసుకు తిరగాల్సిన అవసరం రాలేదు. సన్యాసులకి భార్యలు లేరన్న సంగతి కొండ దిగుతూండగా గుర్తొచ్చింది.

శ్రీకాకుళం

బస్టాండు దగ్గర మందుల షాపులో థర్మామీటరు అడిగాను. జ్వరం చూసేదే ఉంది.

"ఎవరికమ్మా జొరం?"

"కుంటకి."

ఆయన నన్ను ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా పొట్లం కట్టాడు. ముప్పై అయిదు నుంచి నలభై రెండు డిగ్రీలదాకా చూపిస్తుంది. మధ్యాహ్నం పనికొస్తుందిలే అనుకున్నాను.

అప్పల్నాయుడు బండి మీద వచ్చాడు. నన్ను చూడగానే మొహం పక్కకి తిప్పుకుని, బండి అద్దం తుడిచాడు. తర్వాత, "ఏటి వదినా, సిక్కిపోనావు" అన్నాడు. అతనే ఎక్కువ చిక్కాడు.

నాకో వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కావాలన్నాను. తెలిసిన షావుకారు కొట్టుకి తీసుకెళ్ళాడు. వచ్చే ఏడాదికైనా కుంట అడుగున వేసుకోమని ప్లాస్టిక్ పరదా అమ్మజూపుతున్నది ఈ షావుకారే.

"టబ్బేటికి నాయుడూ?"

"కుంటలో పెడతాదట మా వదిన."

"కుంటలో టబ్బెట్టుకోవడం ఏటమ్మా, పరదా కొనుక్కోండి. ఒక్క సుక్క దిగదు. మీ తాతముత్తాతలు మట్టి తొక్కారంటే పరదా లేక తొక్కారు."

నూట ఎనభై చెప్పి నూట యాభైకి ఇచ్చాడు. తెనాలిలో రెండు వందలు చెప్పి రెండు వందలు తీసుకుంటారు.

కుంట

ఊరు శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు. మా తోడికోడలు రమణమ్మ గుమ్మంలోనే నన్ను పట్టుకుని ఏడ్చింది. ఒక్క నిమిషం. తర్వాత కళ్ళు తుడుచుకుని చోడి అంబలి, ఉల్లిపాయ, బెల్లం ఆవకాయ తెచ్చి పెట్టింది. అంబలి అంటే రాగి జావే, కాస్త పులిసినది. ఆవకాయలో బెల్లం ఎందుకని అడగలేదు. ఆ యుద్ధం సాంబారు దగ్గరే ఓడిపోయాను.

తెల్లారాక తోటకి వెళ్ళాం. ఎకరం. వంగ, మిరప, బెండ. పైన కుంట, నడుంలోతు నీళ్ళు మిగిలాయి. గట్టు మీద పక్క పొలం సింహాద్రి కూర్చుని ఉన్నాడు. కుంట కట్టిన రోజు నుంచీ అతనిది ఒకటే మాట, నన్ను చూసినా మార్చుకోలేదు.

"మీ ఆయన సదువంతా ఈ కుంటలో ఇంకిపోనాదమ్మా."

"ఇంకా మిగిలిందిలే మావా, సూడు, నడుంలోతుంది," అన్నాడు అప్పల్నాయుడు. అతను కూడా నవ్వాడు.

చెయ్యాల్సింది చెప్పాను. ఇది మా ఆయన పద్ధతే, ముందు ఏడాది పుష్యమాసంలో ఇక్కడే చేశాడు. టబ్బులో రాళ్ళు వేసి, నీళ్ళు పోసి, అంచు పైకి ఉండేలా కుంటలో కూర్చోబెట్టాలి. ఎండ టబ్బులోంచీ కుంటలోంచీ ఒకేలా తాగుతుంది. టబ్బుకి కింద చిల్లు లేదు కాబట్టి అందులో తగ్గింది ఎండ తాగింది. కుంటలో అంతకన్నా ఎంత ఎక్కువ తగ్గితే అది మట్టిలోంచి పోయింది. చలికాలం రెండు రోజులకి ఆ తేడా అయిదు గీతలు, అంటే అర సెంటీమీటరు. ఇప్పుడు అది పదిహేనో ఇరవయ్యో వస్తే మట్టి నెర్రెలిచ్చినట్టే, మే నెల దాటదు, తోట వదులుకోవాలి. ఎండ వల్లే అయితే కొంచెమే పెరుగుతుంది. అప్పుడు ఉన్న నీళ్ళకి లెక్క వేసుకుని తోటలో కొంతైనా నిలబెట్టుకోవచ్చు.

"రెండు రోజులు తోటకి నీళ్ళు కట్టకూడదు," అన్నాను.

అప్పల్నాయుడు మిరప మడి వైపు చూశాడు. "సరే, కట్టను," అన్నాడు.

టబ్బులోనూ కుంటలోనూ చెరొక స్కూలు స్కేలు నిలబెట్టాను. మధ్యాహ్నం జ్వరం థర్మామీటరు కుంటలో ముంచితే ముప్పై ఎనిమిదిన్నర చూపించింది. రమణమ్మ అది చేతిలోకి తీసుకుని చూసింది.

"మాత్ర ఏసీయక్కా," అంది.

అరసవల్లి

మర్నాడు ఆదివారం. రమణమ్మ పొద్దున్నే తయారై వచ్చి అరసవల్లి వెళ్దామంది.

"నేను గుళ్ళోకి రాకూడదు కదా."

"బయట కూసుంటావు. గాలి మారతాది."

అరసవల్లి సూర్యదేవుడికి ఆదివారం మామూలుగానే గిరాకీ. ఆటోలు, లాడ్జీల ముందు తడిబట్టలు, కొబ్బరికాయలు. రమణమ్మ నన్ను ఒక కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి, తన చెప్పులు, ఆటోలో కలిసిన ఇంకో ముగ్గురి చెప్పులు నాకు అప్పజెప్పి లైన్లోకి వెళ్ళింది. గాలి మారలేదు, అసలు లేదు. చెప్పులకి కాపలా కాస్తూ ఉంటే, నన్ను చెప్పుల స్టాండు అనుకుని ఒకాయన తన బూట్లు కూడా వదిలి అయిదు రూపాయలిచ్చాడు. కాదని చెప్పేలోగా వెళ్ళిపోయాడు. నిజం స్టాండు నడిపే ఆవిడ అవతల నుంచి చూస్తోంది.

"ఏటమ్మా, నువ్వు కూడా పెట్టీసావేటి?"

అయిదు రూపాయలు ఆవిడకి ఇవ్వబోయాను. తీసుకోలేదు. "ఉంచుకో. మధ్యానానికి ఇంకో పది మంది వస్తారు నీ కాడికి. నీ మొగం సూస్తే దొంగిలించవని తెలుస్తాది."

రెండు గంటలు అలా గడిచాయి. బయటికొచ్చాక రమణమ్మ ముంజలు కొనిపెట్టింది, చీరల కొట్టుకి తీసుకెళ్ళింది, ఏమీ కొనకుండా బయటికి తెచ్చింది, ఇంకో కొట్టుకి తీసుకెళ్ళింది. కొనేదేమీ లేకుండా కొట్లు తిరిగే మనిషి కాదు. ఆ రోజు నాకు అది తట్టలేదు.

మళ్ళీ కుంట

రెండో రోజు గడువు తీరిన ఉదయం స్కేళ్ళు చూశాను. అప్పల్నాయుడు నాకన్నా ముందే సింహాద్రిని పిలుచుకొచ్చాడు. టబ్బులో ఇరవై మూడు గీతలు దిగాయి. కుంటలోనూ ఇరవై మూడే.

"సూసావేటి మావా," అన్నాడు అప్పల్నాయుడు. "టబ్బెంతో కుంటంత. ఒక్క సుక్క కారలేదు. అంతా ఎండే తాగీసింది. అన్నియ్య కట్టిన కుంట ఇది."

సింహాద్రి వంగి రెండు స్కేళ్ళూ చూశాడు. "ఔనే," అని గొణిగి తన పొలానికి వెళ్ళిపోయాడు.

నేను సంతోషించాలి. మొహం కడుక్కునేంతసేపు సంతోషించాను కూడా. తుడుచుకుంటూండగా తట్టింది. తేడా సున్నా. సున్నా వేసిన పిల్లల కాయితాలు మా ఆయన చదవకుండానే చించేవాడు. సున్నా వచ్చిందంటే మట్టి మంచిదని కాదు, ఎవడో పరీక్ష చెయ్యలేదని అర్థం అనేవాడు.

రమణమ్మ వంటింట్లో పనసపొట్టు కొడుతోంది.

"గుడికి రాకూడని మనిషిని గుడికెందుకు తీసుకెళ్ళావు రమణమ్మా?"

కత్తి ఆగింది. నవ్వు ఆపుకోలేకపోయింది. "నాను సెప్పలేదేటి ఈ మనిషికి? సెంబుతో తియ్యకు, అక్క పట్టీస్తాది అని సెప్పాను. ఇంటేనా?"

అప్పల్నాయుడు గట్టు మీద కూర్చుని గడ్డి పీకుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"ఎన్ని చెంబులు తీశావు టబ్బులోంచి?"

"రెండు." ఇంకో గడ్డి పరక పీకి, "రెండోది సగమే," అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకేటి వదినా. సింహాద్రి మావ మూడేళ్ళ నుంచీ అదే మాట. నానూ అన్నాను. అన్నియ్య ఉన్నప్పుడు ఎన్నన్నా పరవాలేదు, తిరిగి నాలుగంటాడు. ఇప్పుడంటే తిరిగి అనేవోడేడి?"

పరామర్శకి వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా ఇంత తిన్నగా మాట్లాడలేదు. కాసేపు ఇద్దరం గడ్డి పీకాం.

"కుంట కారుతుంది అప్పల్నాయుడూ," అన్నాను. "కారాలి. కారకపోతే ఆయన చెప్పింది అబద్ధం."

"కారదు."

"కారుతుంది."

"మావ ఒప్పుకున్నాడు గదా వదినా, ఇంక ఒగ్గీయ్."

తన మొగుడు కట్టిన కుంట కారుతుందని పెళ్ళాం, కారదని తమ్ముడు. గట్టు కింద గేదెల్ని తోలుకెళ్తున్న ఒకతను ఆగి కాసేపు విన్నాడు. ఎవరిది ఏ పక్షమో తేలక వెళ్ళిపోయాడు.

"తోటలో ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎలా చెప్పను?" అన్నాను చివరికి. "నెర్రె ఉందో లేదో నీ రెండు చెంబులు మింగేశాయి. మళ్ళీ పెట్టాలి."

"ఇంకో రెండు రోజులు కట్టకపోతే మిరప వాలిపోతాది."

రమణమ్మ వచ్చి, ఆ ముక్క మీరిద్దరూ ఇందాకే అనుంటే ఈ పాటికి సగం మడి తడిసేది అంది. ఊరి బోరింగు నుంచి బిందెలతో మిరపకి మాత్రం పోద్దామంది. ముగ్గురం మోశాం. నా బిందె సగం నా చీరకే సరిపోయింది. రమణమ్మ రెండేసి బిందెలతో నన్ను దాటి వెళ్తూ, "అక్కా, మిరప అటుంది" అంటూ ఉంది. బిందెలు మొయ్యని వేళల్లో నేను గొడుగు వేసుకుని టబ్బు పక్కనే కూర్చున్నాను. అప్పల్నాయుడు చెంబు తీసుకుని కుంట వైపు వస్తే చాలు, రమణమ్మ గట్టిగా దగ్గేది. పాపం ఒకసారి అతను నిజంగా కాళ్ళు కడుక్కోవడానికే వచ్చాడు.

ఈసారి రెండు రోజులకి టబ్బులో పదహారు దిగింది. కుంటలో ఇరవై మూడు.

తేడా ఏడు. చలికాలం అయిదు. మా ఆయన లెక్కలో చలికాలపు ఇరవై డిగ్రీల నీటికన్నా ముప్పై ఎనిమిది డిగ్రీల నీళ్ళు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు తొందరగా మట్టిలోంచి పోతాయి. అయిదుకి ఒకటిన్నర రెట్లు ఏడున్నర. రాత్రిళ్ళు నీళ్ళు చల్లబడతాయి, చలికాలం కన్నా లోతూ తగ్గింది, అంచేత లెక్క ఇంత దగ్గరగా కుదరకూడదు. నేను ఆయన క్లాసులో పిల్లనై ఉంటే, అదృష్టం కలిసొచ్చిందని పక్కన రాసి మళ్ళీ చేయించేవాడు. అయినా ఏడు పదిహేను కాదు. ఏడు సున్నా కూడా కాదు.

"అంటే నెర్రె లేదా?" అన్నాడు అప్పల్నాయుడు.

"లేదు. ఎండకి నీళ్ళు పల్చబడ్డాయి."

అతను కుంట వైపు తిరిగాడు. "అన్నియ్యతో పాలేటి అన్నాను," అన్నాడు. తర్వాత లేచి సింహాద్రి పొలం వైపు నడిచాడు. మొన్నటి లెక్క తప్పని అతనే చెప్పాడట. చెంబు సంగతి కూడా చెప్పాడట. సింహాద్రి నవ్వలేదని రమణమ్మ తర్వాత చెప్పింది. ఏడు గీతలే గదా, పోన్లే అన్నాడట.

ఆ సాయంత్రం లెక్క వేసుకున్నాం. మే ఎండలకి ఇది ఇంకాస్త పెరుగుతుందని కలుపుకున్నాం. ఉన్న నీళ్ళు వానలదాకా రెండు మళ్ళకి వస్తాయి, మూడింటికి రావు. వంగ కాపు మీదుంది. మిరప నా భుజం నొప్పి ఖరీదుతో బతికింది, దాన్ని వదలడానికి నేనే ఒప్పుకోలేదు. మిగిలింది బెండ.

"పరదా?" అన్నాడు అప్పల్నాయుడు, నా వైపు చూడకుండా.

"కావాలంటే వానలకి ముందు వేసుకో. ఆయనకి కోపం రాదు. ఎంత వేడికి కొలిచావో రాయకపోతే వచ్చేది."

రమణమ్మ పార తీసుకుని లేచింది. బెండ మడిలోకి నీళ్ళు వెళ్ళే కాలవ నోట్లో రెండు పారల తడిమట్టి వేసి, మడమతో తొక్కింది. వంగి, అరచేత్తో అదిమి, మళ్ళీ తొక్కింది. అవతల బెండ మొక్కలు పూతతో ఉన్నాయి. అటు చూడకుండా నన్ను అడిగింది.

"ఇది కారదు గదా అక్కా?"

"కారుతాది," అన్నాను. "మధ్యానం ఇంకొంచెం."